ఆవకాయ డబ్బా లేబుల్ మీద తెలుగు పెద్దగా రావాలి: ముందు ఏది తేల్చుకోవాలి?

ఊరగాయకొట్టు
నమస్కారం అండీ. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి, ఉసిరి, మూడు రకాల పొడులు, వెరసి ఎనిమిది రకాలు కొత్త డబ్బాల్లోకి మారుస్తున్నాం. 500 గ్రాములది పెట్ (పీఈటీ ప్లాస్టిక్) డబ్బా, వ్యాసం 83 మి.మీ., లేబుల్‌కి దొరికే నిలువు చోటు 72 మి.మీ. 250 గ్రాములది సన్న డబ్బా, వ్యాసం 55. తెలుగు పేరు పెద్దగా, ఇంగ్లీషు చిన్నగా ఉండాలన్నది మా కోరిక. డిజైనర్ పంపిన నమూనాలో ఇంగ్లీషు చక్కగా కుదిరింది, తెలుగు తర్వాత ఇరికించినట్టుంది. "పచ్చడి"లో చ వత్తు కింది గీతకి తగులుతోంది. ఎరుపు బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు. కొంత సరుకు అమెరికాకి కూడా వెళ్తుంది. సలహా చెప్పండి.

అక్షరాలపిచ్చి
చ వత్తు గీతకి తగలడం డిజైనర్ అజాగ్రత్త ఒక్కటే కాదండీ, పెట్టె కొలత ఇంగ్లీషుని బట్టి తీసుకోవడం వల్ల వచ్చింది. ఇంగ్లీషు పెద్దక్షరాల మాట ఒక పట్టీలో నిండుగా కూర్చుంటుంది. తెలుగు అలా కాదు. పైన గుడి, ఏత్వం, ఓత్వం ఉంటాయి, కింద వత్తులు వేలాడతాయి. మీ ఎనిమిది పేర్లూ ఒకసారి వరసగా రాసి చూడండి. "ఆవకాయ", "మాగాయ", "గోంగూర" మూడింటిలోనూ వత్తు లేదు, ఏ పెట్టెలోనైనా ఒదుగుతాయి. "పండుమిర్చి"లో పైన గుడి, కింద వత్తు రెండూ ఉన్నాయి. నమూనా ఎప్పుడూ "ఆవకాయ" మీద చేస్తారు, అది అందంగా వస్తుంది, మిగతా రకాలకి అదే పెట్టె వాడేసరికి తన్నుకుంటాయి. కాబట్టి మొదటి నమూనా "పండుమిర్చి పచ్చడి" మీద చేయించండి. అది కుదిరితే మిగతావన్నీ కుదురుతాయి.

ఇంకో సంగతి. వత్తు ఉన్న మాటని సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు నిలువుగా మధ్యలో పెడితే అక్షరాల వరస పైకి లేచినట్టు కనిపిస్తుంది. వత్తుని లెక్కలోకి తీసుకోకుండా, తలకట్టు నుంచి అక్షరం అడుగు వరకు ఉన్న భాగాన్ని మధ్యకి తెచ్చి, వత్తుకి కింద విడిగా చోటు వదలాలి. రెండు వరసలైతే వరసకీ వరసకీ మధ్య దూరం ఫాంట్ సైజుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. ఇంగ్లీషుకి అలవాటైన 1.2 పెడితే పై వరస వత్తులు కింది వరస గుడులతో కొట్టుకుంటాయి.

పాయింట్లలో మాట్లాడొద్దు, మిల్లీమీటర్లలో మాట్లాడండి. పైనా కిందా చోటు వదలాలి కాబట్టి చాలా తెలుగు ఫాంట్లలో అసలు అక్షరం చిన్నగా ఉంటుంది. ఒకే 8 పాయింట్లలో రెండు ఫాంట్లలో "క" కొలిచి చూడండి, తేడా కంటికే తెలుస్తుంది. పదార్థాల జాబితా తెలుగులో కూడా వేస్తే "క" ఎత్తు 1.6 మి.మీ. కంటే తగ్గనివ్వకండి. అంతకంటే తగ్గితే చ–ఛ, ప–ఫ, డ–ఢ తేడా చూపే చిన్న గీత సిరాలో కలిసిపోతుంది, ద–ధ–థ ఒకటే అయిపోతాయి.

మజెంటా100
ప్రెస్సు వైపు నుంచి. పైవన్నీ ఒప్పుకుంటాను, కానీ అసలు ప్రమాదం ఆ ఎరుపు మీద తెలుపులోనే ఉంది.

మిరప ఎరుపు అంటే మజెంటా 100, పసుపు 100. రెండు ప్లేట్లు (రంగుకొక అచ్చు పలక). అందులో తెల్ల అక్షరమంటే రెండు ప్లేట్లలోనూ ఆ చోటు ఖాళీగా వదలడమే. రెండూ 0.1 మి.మీ. పక్కకి జరిగినా అక్షరానికి ఒక అంచున పసుపు, రెండో అంచున గులాబీ కనిపిస్తాయి. ఇంగ్లీషు బోల్డ్ అక్షరం ఆ మాత్రానికి తట్టుకుంటుంది. తెలుగులో సున్నాలు, చుట్టలు ఎక్కువ, ణ, ఘ, క్ష లాంటి వాటి లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. పేరు 30 పాయింట్లలో ఉంటే ఇబ్బంది లేదు. 9 పాయింట్ల కంటే చిన్న తెలుగుని ఎరుపు మీద తెలుపుగా వేయొద్దు. వెనక భాగమంతా తెలుపో లేత పసుపో చేసి, చిన్న అక్షరాలు నలుపు ఒక్క ప్లేటు మీద వేయండి. నలుపు 100, మిగతా మూడూ సున్నా, ఓవర్‌ప్రింట్ (కింది రంగుని ఖాళీ చేయకుండా దాని మీదే నలుపు వేయడం) ఆన్. నాలుగు రంగులు కలిపిన నలుపుతో చిన్న అక్షరాలు పంపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఫొటోషాప్‌లో లేబుల్ చేసి పంపితే జరిగేది అదే.

ఫైల్‌కి మూడు మాటలు: బ్లీడ్ (కటింగ్ గీత బయటికి పొడిగించే రంగు) చుట్టూ 3 మి.మీ., అక్షరాలు కటింగ్ గీతకి 3 మి.మీ. లోపలే, అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి (ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మలోకి) మార్చిన పీడీఎఫ్. కర్వ్స్ చేయకపోతే ప్రెస్సులో ఆ ఫాంట్ లేక వేరేది ఎక్కుతుంది. అయితే కర్వ్స్ చెయ్యని అసలు ఫైల్ మీ దగ్గర ఉంచుకోండి, లేకపోతే అడ్రసు మారినప్పుడు మళ్ళీ మొదటి నుంచి కంపోజ్ చేసుకోవాలి.

ఊరగాయకొట్టు
మా ఊళ్ళో డీటీపీ వాళ్ళంతా అను ఫాంట్లే వాడతారు. డిజైనరేమో యూనికోడ్ అంటున్నాడు, కానీ అతని ఫైల్‌లో "పచ్‌చడి" అని పొల్లు విడిగా వస్తోంది. ఏది నమ్మాలి?

అక్షరాలపిచ్చి
పొల్లు విడిగా కనిపిస్తోందంటే తప్పు యూనికోడ్‌ది కాదు, సాఫ్ట్‌వేర్ సెట్టింగ్‌ది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగంలో ఇండిక్ ఆప్షన్స్ ఆన్ చేసి, అక్కడ కూడా కంపోజర్ మార్చాలి. పాత ఫొటోషాప్‌లోనూ టైప్ ప్రిఫరెన్సెస్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఉండేది. మార్చాక పాత టెక్స్ట్ బాక్సుకి విడిగా మళ్ళీ వర్తింపజేయాలి, చాలామంది అక్కడే ఆగిపోతారు.

అను ఫాంట్లతో లేబుల్ అచ్చు వరకు ఏ లోటూ లేదు. కొన్ని ఫాంట్లు నిజంగా అందమైనవి. ఇబ్బంది తర్వాత వస్తుంది. అందులో టైపు చేసిన "గోంగూర" కంప్యూటర్‌కి తెలుగు కాదు, ఇంగ్లీషు కీల వరస. కాపీ చేసి వెబ్‌సైట్‌లో పెడితే పిచ్చిగీతలు వస్తాయి, పీడీఎఫ్‌లో వెతికితే దొరకదు. ఎనిమిది రకాలు, రెండు సైజులు, ఎగుమతి వేరు. ఇన్ని లేబుళ్ళలో ఒక పదార్థం మారిస్తే వెతికి మార్చడానికి వీలుండాలి. పేరు ఒక్కటీ మీకు నచ్చిన ఫాంట్‌లో, మిగతాదంతా యూనికోడ్‌లో పెట్టుకోండి.

ఏ ఫాంట్ అంటే: పేరుకి రామభద్ర లాంటి బరువైనది దూరానికి బాగా కనిపిస్తుంది. బాలూ తమ్ముడు గుండ్రంగా, నిండుగా ఉంటుంది, పచ్చళ్ళకి నప్పుతుంది, కాకపోతే ఈమధ్య అన్ని చోట్లా అదే. చిన్న అక్షరాలకి నోటో సాన్స్ తెలుగు గానీ హింద్ గుంటూరు గానీ. అనేక్ తెలుగులో వెడల్పు కూడా తగ్గించుకోవచ్చు, 75 శాతం దాకా. పొడవైన పేర్లకి అది వరం. మామూలు ఫాంట్‌ని పక్కల నుంచి నొక్కి సన్నం చేయకండి, నిలువు గీతలు సన్నబడి అడ్డగీతలు లావుగా మిగులుతాయి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, వ్యాపారానికి వాడుకోవచ్చు. ఇటాలిక్ బటన్ జోలికి పోవద్దు.

మూతబిగువు
అక్షరాల గొడవ అయ్యాక డబ్బా సంగతి చూద్దామంటే ఆలస్యమవుతుంది. లేబుల్ ఎంత బాగున్నా నూనె కారితే అంతే.

ఆర్ట్ పేపర్, క్రోమో స్టిక్కర్ వద్దు. నూనె పీల్చి మచ్చ పడుతుంది, ఆ మచ్చ పెరుగుతూ పోతుంది. తెల్ల పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) ఫిల్మ్ స్టిక్కర్, పైన లామినేషన్ తీసుకోండి. అంటించే ముందు డబ్బా బయట నూనె పొర ఉంటే ఏ జిగురూ పట్టదు. నింపాక తుడవడం కంటే ఖాళీ డబ్బాకే లేబుల్ వేసి తర్వాత నింపడం మేలు.

పొడవు లెక్క: 83 వ్యాసానికి చుట్టుకొలత 261 మి.మీ. అతుకు మీద అతుకు 6 కలిపితే 267. ఎత్తు చోటు 72 ఉంది కదా అని 72 పెట్టొద్దు, 68 చాలు. పైనా కిందా డబ్బా వంపు మొదలయ్యే చోట అంచు లేస్తుంది. మీ డబ్బా కింద సన్నం, పైన లావు అయితే నిటారు లేబుల్ ముడతలు పడుతుంది, దానికి విల్లులా వంగిన డై (లేబుల్ కోసే అచ్చు) చేయించాలి. డబ్బా చేసేవాళ్ళని డ్రాయింగ్ అడగండి, స్కేలుతో కొలవొద్దు.

సీల్: మూతలో ఉండే ఇండక్షన్ వాడ్ (వేడికి డబ్బా మూతికి అంటుకునే రేకు బిళ్ళ) డబ్బా ప్లాస్టిక్‌కి సరిపోవాలి. పెట్ డబ్బాకి పెట్ వాడ్. హెచ్‌డీపీఈ డబ్బాకి వేసేది పెట్‌కి పట్టదు. అన్నిటికంటే ఎక్కువగా సీల్ తప్పేది మూతి అంచున నూనె వల్ల. గరాటుతో నింపి, అంచు పొడిబట్టతో తుడిచి, పైన 10–15 మి.మీ. ఖాళీ వదిలి సీల్ వేయాలి. సీల్ వేసిన డబ్బాని మర్నాటి దాకా పడుకోబెట్టి చూడండి, నిలబెట్టి చూస్తే ఏదీ కారదు.

పౌచ్‌లకి వెళ్ళే ఆలోచన ఉంటే ఆవకాయకి విడిగా ఆలోచించండి. ముక్కకి టెంక ఉంటుంది, దాని మూల పౌచ్‌ని లోపలి నుంచి పొడుస్తుంది. గోంగూరకి సరిపోయే పౌచ్ ఆవకాయకి సరిపోదు. పెట్ 12 మైక్రాన్లు, అల్యూమినియం ఫాయిల్ 9, నైలాన్ 15, లోపల పీఈ 100 దాకా. ఆ నైలాన్ పొర టెంక కోసమే. ఖర్చు తగ్గించడానికి ముందు తీసేసేది కూడా దాన్నే.

కొట్టుబల్ల
డిజైనర్లకి ఒక విన్నపం. కొట్లో డబ్బా కంటి ఎత్తులో ఉండదు. కొత్త బ్రాండుకి కింది అర ఇస్తారు, అక్కడ నిలబడి చూస్తే కనిపించేది మూతే. ఎర్ర మూతలు ఎనిమిదీ ఒకేలా ఉంటే ఏది మాగాయో ఏది ఆవకాయో తెలియక కొట్టువాడు అన్నీ తిప్పి చూడాలి. మూత మీద 50 మి.మీ. గుండ్రటి స్టిక్కర్, దాని మీద పేరు ఒక్కటే, తెలుగులో. రకానికో రంగు.

డబ్బా గుండ్రం కాబట్టి ఎదురుగా ఉన్నవాడికి చుట్టుకొలతలో మూడోవంతే కనిపిస్తుంది, అంటే మీ దాంట్లో 87 మి.మీ. పేరు అందులోనే ముగియాలి. 120 మి.మీ. పొడవున "పండుమిర్చి పచ్చడి" ఒకే వరసలో రాస్తే కొట్లో "డుమిర్చి పచ్చ" కనిపిస్తుంది.

ఊరగాయకొట్టు
లేబుల్ మధ్యలో పారదర్శకంగా వదిలి పచ్చడి కనిపించేలా చేద్దామనుకున్నాం. ఎలా ఉంటుంది?

మజెంటా100
పారదర్శక ఫిల్మ్ మీద వేస్తే ప్రతి రంగు వెనకా తెల్ల సిరా పొర వేయించాలి. లేకపోతే పసుపు అక్షరం ఆవకాయ ఎరుపు మీద పడి మాయమవుతుంది. ఖాళీ డబ్బా మీద బ్రహ్మాండంగా ఉంటుంది, నింపాక ఏమీ చదవలేరు. తెల్ల పొర కోసం ఫైల్‌లో విడిగా ఒక స్పాట్ రంగు (మామూలు నాలుగు రంగుల్లో కలవని ప్రత్యేక రంగు) పెట్టి ఇవ్వాలి, అది బయటి అంచుకి 0.1–0.15 మి.మీ. లోపలికి ఉండాలి, లేకుంటే అంచులో తెల్లగీత తొంగి చూస్తుంది.

మూతబిగువు
కనిపించేలా వదలడానికి నేను వ్యతిరేకం. మిరప రంగు వెలుతురుకి ఆక్సీకరణ చెంది వెలిసిపోతుంది, కొట్టు ట్యూబులైటు కింద ముందు లేత రంగులోకి, ఆపైన గోధుమలోకి దిగుతుంది. పాత జాడీ చూడండి: లోపలికి వెలుతురు పోదు, ఉప్పు, పులుపు దాని గ్లేజుని తినవు, మూతి మీద గుడ్డతో వాసెన కడితే దుమ్ము పడదు. నిల్వకి అంతకంటే మంచి డిజైన్ ఇప్పటికీ లేదు. జాడీ ఇంట్లో ఉండేది కాబట్టి లోపల ఏముందో చూపించాల్సిన పని దానికి లేదు.

కొట్టుబల్ల
జాడీని ఎవరూ కొనడానికి తీసి చూడరు సార్. కొత్త బ్రాండుని చూడకుండా కొనరు. ముక్క ఉందా, పిండే ఉందా అని డబ్బా ఎత్తి అడుగు నుంచి చూస్తారు.

మూతబిగువు
అయితే అడుగు వదిలేయండి. లేబుల్ తెల్ల ఫిల్మ్‌తో చుట్టూ నిండుగా, 68 మి.మీ. ఎత్తున. అడుగు వంపులో ముక్క కనిపిస్తుంది, మిగతా అంతా నీడలో ఉంటుంది. కార్టన్‌లో పెట్టి నిల్వ చేయమని చెప్పండి.

న్యూజెర్సీ_దిగుమతి
ఎగుమతి లేబుల్ గురించి. ఇండియా లేబుల్ మీదే స్టిక్కర్ వేసి లాగించేద్దామనుకుంటే ఇరుక్కుంటారు.

ముందు ఇండియాలో: ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండాలి. తెలుగు అదనంగా ఎంతైనా వేసుకోవచ్చు, తెలుగు ఒక్కటే చాలదు. కాబట్టి "తెలుగు పెద్దగా, ఇంగ్లీషు చిన్నగా" చట్టానికి ఓకే, "ఇంగ్లీషు లేకుండా" ఓకే కాదు. పదార్థాలు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి. 14 అంకెల లైసెన్సు నంబరు లోగోతో. శాకాహార గుర్తు: ఆకుపచ్చ చుక్క వ్యాసానికి రెట్టింపు ఉండాలి చుట్టూ ఉన్న చదరం. ముఖభాగం (కొనేవాడికి ఎదురుగా కనిపించే భాగం) 100 చ.సెం.మీ. లోపైతే చుక్క కనీసం 3 మి.మీ., 100 నుంచి 500 వరకు 4 మి.మీ. మీరు 4 పెట్టుకోండి, చదరం 8, ఏ పేచీ ఉండదు. దాన్ని పేరు దగ్గరే పెట్టాలి. ఎరుపు మీద ఆకుపచ్చ కలిసిపోతుంది, కింద తెల్ల గడి వేయండి.

అమెరికాకి: నికర బరువు ఔన్సుల్లో, గ్రాముల్లో రెండూ, ముఖభాగం కింది 30 శాతంలో. 500 గ్రాములంటే 17.6 ఔన్సులు. మీ డబ్బా సైజుకి ఆ అంకెల ఎత్తు కనీసం అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 3.2 మి.మీ. న్యూట్రిషన్ ఫ్యాక్ట్స్ పట్టిక వాళ్ళ నమూనాలోనే ఉండాలి, మన పట్టిక పనికిరాదు. దానికి నిలువు చోటు బాగా పడుతుంది, ఇండియా లేబుల్ గీసేటప్పుడే ఆ చోటు వదిలి పెట్టుకోవాలి.

అలర్జీ సంగతి అసలైనది. 2023 జనవరి 1 నుంచి అమెరికాలో నువ్వులు తొమ్మిదో ప్రధాన అలర్జెన్. ఆవకాయ నువ్వుల నూనెది. గానుగ నూనె కాబట్టి బాగా శుద్ధి చేసిన నూనెలకుండే మినహాయింపు ఆశించొద్దు. ఇంగ్లీషులో "జింజెల్లీ ఆయిల్" అని రాసి వదిలేస్తే చాలదు, "సెసమీ" అన్న మాట ఉండాలి. ఆవాలు అమెరికా జాబితాలో లేవు, కానీ కెనడా, బ్రిటన్, యూరప్‌లలో ఉన్నాయి. బ్రిటన్, యూరప్‌లకైతే పదార్థాల జాబితాలోనే ఆ మాటలు బోల్డ్‌లోనో మరోలానో విడిగా తెలియాలి. కెనడాకి ఫ్రెంచి కూడా. ఒకే లేబుల్ అన్ని దేశాలకీ సరిపెట్టాలని చూడకండి, ముందు భాగం ఒకటే ఉంచి వెనక ప్యానెల్ మార్చుకోండి.

అక్షరాలపిచ్చి
దీనికి తోక: ముందు వైపు "హోమ్‌మేడ్" అని రాయించుకున్నారేమో చూసుకోండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్రకటనల నిబంధనల్లో తప్పుడు అభిప్రాయం కలిగించే "ఇంట్లో చేసినది" లాంటి మాటలు కూడదు. యూనిట్ పెట్టి చేసే సరుకుకి ఆ మాట ఎందుకు? కొట్లో ప్రతి పచ్చడి డబ్బా మీదా కళ్ళజోడు పెట్టుకున్న ఒక బామ్మ బొమ్మ ఉండనే ఉంది. వరసలో పది మంది బామ్మలుంటే కొనేవాడికి ఎవరి బామ్మో గుర్తుండదు. పెద్ద తెలుగు అక్షరం మీకు ఆ పని చేసి పెడుతుంది.

ఊరగాయకొట్టు
ఎనిమిది రకాలకి ఎనిమిది సెట్ల ప్లేట్లు, రెండు సైజులు, మళ్ళీ ఎగుమతి. ఖర్చు తట్టుకోలేం. దారి ఉందా?

మజెంటా100
ఉంది, డిజైన్‌లోనే. ఎనిమిదింటికీ ఎరుపు, పసుపు, అంచు ముగ్గు ఒకటే ఉంచండి. మారేవన్నీ, అంటే పేరు, పదార్థాలు, పోషక పట్టిక, నలుపు ఒక్క ప్లేటు మీదకి తెచ్చేయండి. అప్పుడు మూడు ప్లేట్లు ఉమ్మడి, రకానికొక నల్ల ప్లేటు. ఒక్కో సైజుకి 32 ప్లేట్ల బదులు 11. దీనికోసం పేరు తెల్ల అక్షరాల్లో కాకుండా లేత పసుపు పట్టీ మీద నలుపులో ఉండాలి. పైన చెప్పిన, ప్లేట్లు పక్కకి జరిగే రిజిస్ట్రేషన్ గొడవ కూడా దాంతో పోతుంది. రకాన్ని బట్టి రంగు మార్చడం లేబుల్ మీద కాకుండా మూత స్టిక్కర్ మీద పెట్టుకోండి.

బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎంఆర్‌పీ అచ్చులో వేయొద్దు, ఖాళీ గడి వదలండి. 35 బై 15 మి.మీ. సరిపోతుంది, అక్కడ లామినేషన్, వార్నిష్ రెండూ ఉండకూడదు. థర్మల్ ప్రింటర్‌తో వేస్తే రిబ్బన్ తప్పకుండా రెసిన్ రకం. వ్యాక్స్ రిబ్బన్ చవక, ఫిల్మ్ మీద ముందు బాగానే కనిపిస్తుంది, నూనె వేలు తగిలితే తేదీ తుడిచిపెట్టుకుపోతుంది. తేదీ లేని డబ్బా కొట్టువాడు వెనక్కి పంపుతాడు.

కొట్టుబల్ల
ఎంఆర్‌పీ పక్కనే యూనిట్ సేల్ ప్రైస్ కూడా. కేజీ లోపు ప్యాక్‌కి గ్రాముకి ఎంత అని. 500 గ్రాములు 250 రూపాయలైతే గ్రాముకి 0.50. ఆ గడిలోనే చోటు చూసుకోండి.

ఊరగాయకొట్టు
చివరిగా బార్‌కోడ్. 250 గ్రాముల సన్న డబ్బాకి స్కాన్ అవుతుందా? ఎరుపు మీద పెట్టొచ్చా?

మజెంటా100
స్కానర్ వెలుతురు సాధారణంగా ఎరుపు. ఎర్ర నేల దానికి తెల్లగా కనిపిస్తుంది. అందుకే ఎరుపు మీద నల్ల గీతలు చదవగలదు, తెలుపు మీద ఎర్ర గీతలు చదవలేదు. అయినా తెల్ల గడి మీద నల్ల గీతలే పెట్టండి, అనుమానానికి తావుండదు.

ఈఏఎన్ 13 పూర్తి సైజు 37.29 బై 25.93 మి.మీ. అందులో ఎడమ పక్క 3.6, కుడి పక్క 2.3 మి.మీ. ఖాళీ కలిసే ఉంటుంది, ఆ ఖాళీలోకి ముగ్గు అంచు రానివ్వొద్దు. 83 వ్యాసం డబ్బా మీద గీతలు నిలువుగా ఉన్నా పూర్తి సైజులో చదువుతుంది. 55 మీద పూర్తి సైజైతే అంచు గీతలు వంపులో పక్కకి తిరిగిపోతాయి. 80 శాతానికి తగ్గిస్తే వెడల్పు 29.83 అవుతుంది, వంపు హద్దులోకి వస్తుంది, కానీ 80 కంటే తగ్గించకూడదు. అంతకంటే మంచిది కోడ్‌ని పక్కకి తిప్పి పూర్తి సైజులో నిచ్చెన మెట్లలా పెట్టడం, అప్పుడు వంపుతో పని లేదు. సన్న డబ్బాలో నిలువు చోటు 40 మి.మీ. దాటి ఉంటుంది కాబట్టి పడుతుంది. ఫైల్‌లో దాన్ని బొమ్మగా అతికించకుండా వెక్టర్‌గా, ఒక్క నలుపులో ఇవ్వండి. ప్రూఫ్ వచ్చాక నింపి సీల్ వేసిన డబ్బాకి చుట్టి స్కాన్ చేయండి, బల్ల మీద పరిచిన కాగితం ఎప్పుడూ చదువుతుంది.